లెక్కల కోసం చేసిన బంతి

మూడో తరగతి టీచరమ్మకి అబద్ధం చెప్పడం చేతకాదని ఆమె అత్తగారు నలుగురిలో చెప్పుకుని మురిసిపోయేది. "మా కోడలు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, కావాలంటే మీరే చూడండి," అనేది. ఆవిడ అన్నది నిజమే. కాని ఆ చెవుల సంగతి తెలియాలంటే మనిషిని ముందునుంచీ ఎరిగి ఉండాలి. ఎనిమిదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది చెప్పండి, టీచర్ చెవులు ఎందుకు ఎర్రబడ్డాయో!

బడి తెరిచిన కొత్తలో ఒక రోజు పొద్దున్నే ఆ పిల్ల తండ్రి వచ్చి తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లిఫ్టులు బాగుచేసే మెకానిక్. కంపెనీ చొక్కా వేసుకుని ఉన్నాడు, గోళ్ళ సందుల్లో గ్రీజు మరక ఇంకా పోలేదు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఒక్క మాట చెప్పి పోతాను మేడమ్. మా మతంలో పండగలు లేవండి. పుట్టినరోజులు కూడా లేవు. మేం చేసుకోకూడదు, చేసుకునేవాళ్ళతో కలవకూడదు, వాటికోసం మా చేత్తో ఏదీ తయారుచేయకూడదు. ఎందుకూ అంటే అదంతా పెద్ద కథ, నాకు చెప్పడమూ రాదు."

"అయ్యో, దానిదేముందండీ," అంది టీచరమ్మ. కొత్త పిల్లల పేర్లు ఇంకా నోరు తిరగక, ఆ హడావిడిలో ఉందామె.

"దాని దగ్గరే ఉందండి అంతా," అన్నాడాయన. "మా ప్రార్థన హాల్లో మాకో గది ఉంది. మావాళ్ళ పిల్లలంతా అక్కడే చదువుకుంటారు. మా గ్రంథం చదవడం నేర్పుతారు, అంతవరకే. లెక్కలు చెప్పేవాళ్ళు లేరు, సైన్సు లేదు. మా అమ్మాయికేమో లెక్కలంటే ప్రాణం. నేను ఇంట్లో వైర్ల బొమ్మలు ముందేసుకుని కూర్చుంటే పక్కన చేరి ఇదెందుకు, అదెందుకు అని చెవిలో జోరీగలా ఒకటే పోరు. పెద్దవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఇక్కడ చేర్పించాను. బడివల్ల పిల్ల తప్పు చేయదు, చేసిన రోజున నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మళ్ళీ ఆ గదిలోనే కూర్చోబెడతానని అందరి ముందూ మాటిచ్చాను."

"మీరేం భయపడకండి."

"భయం కాదు మేడమ్. పండగ పని ఏదైనా ఉంటే ముందుగా నాకొక మాట చెప్పండి, చాలు. ఇంట్లో మేం నచ్చచెప్పుకుంటాం. పిల్ల బయట కూర్చుంటుంది, అల్లరి చెయ్యదు."

"తప్పకుండా చెప్తాను," అంది టీచరమ్మ. అప్పుడు ఆమె చెవులు మామూలుగానే ఉన్నాయి. ఆ మాట నిండు మనసుతోనే అంది.

ఆ పిల్లకి ముందుపళ్ళు రెండూ ఊడి ఉండేవి. ఏది చెప్పినా నోరు తెరుచుకుని వినేది, విన్నాక "నిజమేనా టీచర్?" అని అడిగేది. భూమి గుండ్రంగా ఉందంటే నిజమేనా? తిమింగలం పిల్లకి పాలిస్తుందంటే నిజమేనా? మొదట్లో టీచరమ్మకి ఒళ్ళు మండింది, ఇదేమిటి, నా మాట మీద నమ్మకం లేదా ఈ బుడతకి అని. కొన్నాళ్ళకి అసలు సంగతి అర్థమైంది. అది అనుమానం కాదు. వాళ్ళింట్లో నిజమంటే ఆటలాడే వస్తువు కాదు. టీచర్ "నిజం" అన్నదంటే ఇక ఆ పిల్ల దాన్ని గుండెలో పెట్టుకుని తాళం వేసుకునేది, రేపు పెద్ద మేడం వచ్చి కాదన్నా వినేది కాదు. తరగతిలో మిగతా గుంటలు ఊరుకుంటారా, 'నిజమేనా పిల్ల' అని పేరు పెట్టేశారు. ఆ పేరుకి అది నవ్వేది. పళ్ళు లేని నవ్వు.

పండగ నెల వచ్చేదాకా అంతా బాగానే నడిచింది.

పండగంటే ఒక రోజు, మహా అయితే రెండు రోజులు అనుకుంటాం మనం. ఈ బడి సంగతి అలా కాదు. పెద్ద మేడం అని ఒకావిడ ఉంది, బడికి ప్రధానోపాధ్యాయురాలు. ఏ పనైనా తలపెట్టిందంటే ఇక బడిలో బల్లలకీ కుర్చీలకీ కూడా ఊపిరాడదు. ఆ ఏడాది ఆమెకి కొత్త ఆలోచన పుట్టింది. నెల పొడవునా అన్ని పాఠాలూ పండగ మీదే చెప్పాలి. చదివే పాఠం పండగ గురించి, పాట పండగ పాట, బొమ్మ పండగ బొమ్మ, చివరికి లెక్కలు కూడా పండగ లెక్కలే. నెలాఖరున తల్లిదండ్రులందరినీ పిలిచి హాల్లో ప్రదర్శన. "పిల్లలకి చదువు పండగలా ఉండాలండీ!" అని మీటింగులో చేతులు ఊపుతూ చెప్పింది. టీచర్లందరూ తలలూపారు. ఊపక చస్తారా.

ఇంకేముంది, ఆ నెలంతా ఆ పిల్ల తరగతి బయట కూర్చుంది.

వరండాలో, మంచినీళ్ళ ఫిల్టరు పక్కన, చెప్పుల అరకి ఎదురుగా ఒక కుర్చీ వేయించింది టీచరమ్మ. పెద్దవాళ్ళ కుర్చీ అది, పిల్ల కాళ్ళు నేలకి ఆనేవి కావు. పండగ పాఠం మొదలవగానే ఎవరూ చెప్పకుండానే పుస్తకం పట్టుకుని లేచి వెళ్ళిపోయేది. పక్కవాళ్ళు "నిజమేనా పిల్ల బయటికీ!" అని రాగం తీసేవాళ్ళు. ఫిల్టరు కింద పెట్టిన బకెట్లో నీళ్ళ చుక్కలు టప్పు టప్పుమని పడుతుంటే, కాళ్ళు ఆడించుకుంటూ, వచ్చిన పాఠమే మళ్ళీ మళ్ళీ చదువుకునేది. ఒక్కోసారి తలుపు సందులోంచి లోపలి మాటలు వింటూ ఉండేది. టీచరమ్మ చూసిందంటే చటుక్కున తల దించుకునేది, దొంగతనం చేస్తూ పట్టుబడినట్టు.

ఒక రోజు టీచరమ్మ వరండాలోకి వచ్చి దాని పక్కనే గోడకి ఆనుకుని నిలబడింది. లోపల పిల్లలు లెక్క చేసుకుంటున్నారు. ఒక్కో దండలో ఎనిమిది దీపాలు, అలాంటి దండలు ఏడు, మొత్తం ఎన్ని దీపాలు. ఆ లెక్క ఈ పిల్లకి చెప్పకూడదు. అందుకని అప్పటికప్పుడు మార్చింది.

"ఒక లిఫ్టులో ఎనిమిది మంది ఎక్కారనుకో. అది ఏడు సార్లు పైకి వెళ్ళింది. మొత్తం ఎంతమంది పైకెళ్ళారు?"

పిల్ల ఆలోచించింది. "ఎనిమిది మంది ఎక్కకూడదు టీచర్. ఆరుగురే. లోపల రాసి ఉంటుంది."

"ఓసి నీ తెలివి తగలెయ్య! ఇది పెద్ద లిఫ్టే తల్లీ. ఎనిమిది మంది పడతారు."

"నిజమేనా?"

"ఆసుపత్రుల్లో ఉంటాయిగా, మంచాలు పట్టేవి."

"అవును, మా నాన్న చెప్పాడు." వేళ్ళు ముడుస్తూ కాసేపు గొణుక్కుంది. "యాభై ఆరు!"

"యాభై ఆరే. ఏడు ఎనిమిదులు యాభై ఆరు."

"నిజమేనా?"

"నిజం."

పిల్ల మొహం వెలిగిపోయింది. టీచరమ్మ మాత్రం తలుపు వైపు చూసింది. లోపల ముప్పై తొమ్మిది మందికి బల్ల మీద కూర్చోబెట్టి చెప్పిన లెక్క, దీనికి చెప్పుల అర పక్కన నిలబడి రెండు నిమిషాల్లో చెప్పి పోవాలా? ఇదేం న్యాయం?

ఆ సాయంత్రమే పెద్ద మేడం గదికి వెళ్ళింది. రోజుకొక్క గంట మామూలు లెక్కలు చెప్పుకుంటానని అడిగింది.

"ఒక్క పిల్ల కోసం నలభై మందిని మార్చమంటావా?" అంది పెద్ద మేడం, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి. "మనం రావద్దన్నామా? వాళ్ళే కదమ్మా వద్దంటున్నది?"

"పిల్ల వద్దనలేదు మేడమ్."

"అదే, వాళ్ళవాళ్ళే. నువ్వు మరీ మెత్తటిదానివి. పోనీ, ఏదో ఒకటి నువ్వే సర్దుకో. ప్రదర్శనకి మాత్రం మూడో తరగతి వాటా తగ్గకూడదు. ఆ ఇరవై ముఖాల బంతులు చేయించు, పోయినేడు ఎంత బాగున్నాయో!"

ఏదో ఒకటి సర్దుకో. చూశారా, ఎంత తేలిక మాటో. పైవాళ్ళు ఆ మాట అనేసి ఇంటికి పోతారు, సర్దుకునేవాళ్ళ నెత్తిన పడుతుంది అంతా.

ఇంటికి వచ్చి కూరగాయలు తరుగుతూ టీచరమ్మ అత్తగారికి చెప్పింది. ఆ బంతుల పని ఉంది చూశారూ, అది నిజానికి అచ్చమైన రేఖాగణితం. గుండ్రటి కాగితాలు ఇరవై కత్తిరించాలి. ఒక్కోదాన్ని మడిచి మధ్య బిందువు పట్టుకోవాలి, అంచుని మూడు వైపుల నుంచీ ఆ బిందువు దాకా మడవాలి, అప్పుడు మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజం వస్తుంది. పైన ఐదు, కింద ఐదు, నడుం చుట్టూ పది అతికిస్తే బంతి. హాల్లో తాడుకి వేలాడదీస్తే అది పండగ అలంకారం. వేలాడదీయకపోతే?

"వేలాడదీయకపోతే లెక్కలే కదా అత్తయ్యా. దానిచేత చేయించి, దాని బంతి ఒక్కటీ నా బీరువాలో పెట్టేస్తాను. అందరితో కలిసి లోపల కూర్చున్నట్టూ ఉంటుంది."

అత్తగారు రిటైరయ్యేదాకా బస్సుల్లో టికెట్లు కోసిన మనిషి. మొహం చూసి ఎవరి దగ్గర టికెట్టు లేదో చెప్పేయగలదు. "మరి వాళ్ళ నాన్నకి చెప్పావా?"

"చెప్తే వద్దంటారు."

"వద్దంటే మానెయ్."

"మానేస్తే మళ్ళీ ఆ కుర్చీయే."

"కుర్చీలో కూర్చుంటే ఎవరూ చావరే అమ్మాయ్. చెప్తానని మాటిచ్చావుగా, ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పెయ్. ఎందుకీ సర్కస్సు?"

టీచరమ్మ కత్తిపీట పక్కన పెట్టి లేచింది. ఫోన్ చేతిలోకి తీసుకుంది కూడా. ఆయన ఏ లిఫ్టు గోతిలోనో పనిలో ఉంటాడు, ఇప్పుడెందుకులే అనుకుంది. మర్నాడు చేద్దామనుకుంది. మర్నాడు కూడా అలాగే అనుకుంది.

పెద్ద మేడం పంపిన పెట్టెలో మెరుపు కాగితాలున్నాయి. ఎరుపు, బంగారు రంగు, ఆకుపచ్చ. పెట్టె తెరవగానే పిల్లలంతా ఈగల్లా ముసిరారు. నిజమేనా పిల్ల మాత్రం అలవాటు ప్రకారం పుస్తకం తీసుకుని బయటికి నడిచింది.

"నువ్వు కూర్చో తల్లీ," అంది టీచరమ్మ.

పిల్ల ఆగింది. మెరుపు కాగితాల వంక చూసింది, టీచర్ వంక చూసింది. "ఇది పండక్కి కదా టీచర్?"

"కాదు. లెక్కలకి. త్రిభుజాలు నేర్చుకుంటాం."

"నిజమేనా?"

తరగతంతా గోలగోలగా ఉంది. ఎవడో జిగురు సీసా ఒలకబోశాడు, ఎవరిదో కత్తెర కింద పడింది. ఆ గోలలో ఆ ఒక్క ప్రశ్న టీచరమ్మకి స్పష్టంగా వినిపించింది. అప్పుడైనా ఆగొచ్చు. "ఉండు, మీ నాన్నని అడుగుదాం" అంటే పోయేది. అనలేదు.

"నిజం," అంది. చెవులు భగ్గుమన్నాయి.

పిల్ల మొహంలో సంతోషం చూడాలి! పుస్తకం బల్ల మీద పెట్టేసి కూర్చుంది. కాని తండ్రి కూతురే కదా, ఆ మెరుపు కాగితాలు మాత్రం ముట్టుకోలేదు. "అవి పండగ కాగితాలు టీచర్. నేను ఇంటి దగ్గర నుంచి తెచ్చుకుంటా," అంది. మర్నాడు తండ్రి పాత కాగితాలు చుట్టగా చుట్టి తెచ్చింది. లిఫ్టుల వైరింగు బొమ్మలు, నీలం గీతలు, సన్నటి అంకెలు. "లెక్కలకంటే మా నాన్న మంచివి ఏరి ఇచ్చాడు," అని గొప్పగా చెప్పింది.

తండ్రి ఏరి మరీ ఇచ్చాడు. టీచరమ్మ ఆ కాగితాల చుట్ట విప్పి చూసింది. ఇప్పుడు వెనక్కి తగ్గితే ఏమని చెప్పాలి? పోనీలే, బీరువాలో పెట్టేస్తాను కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది.

ఆ వారం ఆ పిల్లని చూసినవాళ్ళెవరూ అది వరండాలో కూర్చున్న పిల్లే అంటే నమ్మరు. మడత పెట్టడంలో దానిది దేవుడిచ్చిన చెయ్యి. మధ్య బిందువు తప్పదు, అంచు తప్పదు. పక్క పిల్లలకి త్రిభుజాలు వంకర పోతుంటే "ఇటివ్వు" అని లాక్కుని సరిచేసి ఇచ్చింది. రాగం తీసినవాళ్ళే "నాది చూడవే, నాది చూడవే" అని దాని చుట్టూ మూగారు. నడుం చుట్టూ పది ముక్కలు అతికించేటప్పుడు ఒకటి జారిపోతే అందరూ కలిసి పట్టుకున్నారు, పట్టుకుని విరగబడి నవ్వారు. దాని గొంతు అంత పెద్దదని టీచరమ్మకి అప్పటిదాకా తెలియదు.

బంతి పూర్తయింది. తెల్లకాగితం మీద నీలం గీతలు ముఖం నుంచి ముఖానికి పాకుతూ, అందరి మెరుపు బంతుల మధ్యా హుందాగా ఉంది. టీచరమ్మ దాన్ని జాగ్రత్తగా బీరువా పై అరలో పెట్టి తలుపు వేసింది.

ప్రదర్శనకి ముందు రోజు మధ్యాహ్నం పెద్ద మేడం ఆయాని వెంటబెట్టుకుని వచ్చి పడింది. బంతులన్నీ బుట్టలో వేయించింది. హాలు ముఖద్వారానికి మధ్యలో కట్టడానికి ఒకటి తక్కువైందట. "ఇంకేం లేవా?" అంటూ తనే బీరువా తెరిచింది.

"అబ్బ! ఇదెవరు చేశారు? ఎంత వెరైటీగా ఉంది! ఇంత మంచిది దాచిపెట్టావేమిటమ్మా?"

"మేడమ్, అది..." అంది టీచరమ్మ.

"ఏమిటి?"

గుమ్మంలో ఆయా నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంది. వెనక ఇంకో ఇద్దరు టీచర్లు. ఇప్పుడు నోరు విప్పితే ఆ పిల్ల పేరు చెప్పాలి, ఆ పిల్లచేత ఏమని చెప్పి చేయించిందో చెప్పాలి, తండ్రిని అడగలేదని కూడా చెప్పాలి.

"అది... కొంచెం జిగురు ఆరలేదేమో," అంది.

"ఆరింది, బ్రహ్మాండంగా ఉంది," అని పెద్ద మేడం బంతిని పట్టుకెళ్ళిపోయింది.

అంతే. కత్తి మెడ మీద పెట్టలేదు ఎవరూ. ఉద్యోగం పీకేస్తామనలేదు. ఒక్క వాక్యం, "అది కట్టొద్దు మేడమ్" అని ఒక్క వాక్యం అంటే సరిపోయేది. ఆ ఒక్క వాక్యం అనలేని మనిషి, నలభై మంది పిల్లలకి రోజూ ధైర్యం గురించి పాఠాలు చెప్తుంది. ఏమనాలి!

బడి వదిలాక హాలు ముందునుంచే పిల్లలు గేటుకి పోవాలి. టీచరమ్మ ముందే పరిగెత్తుకుంటూ వెళ్ళి, ఆ పిల్లని వెనక వాకిలి నుంచి పంపించాలనుకుంది. జనం తోసుకొస్తున్నారు. ఆమె వెళ్ళేసరికి తండ్రి అప్పటికే అక్కడ ఉన్నాడు. కూతురి సంచి భుజాన వేసుకుని, తల పైకెత్తి చూస్తున్నాడు.

ద్వారం మధ్యలో, ఎర్రవీ బంగారువీ దండల నడుమ, ఆయన వైరింగు కాగితాల బంతి మెల్లగా తిరుగుతోంది.

"ఇది నాదే నాన్నా!" అంది పిల్ల. దానికి ఇంకా ఏమీ తెలియలేదు, గర్వంగానే అంది. "నేను చెప్పలా, లెక్కలకి చేశానని. ఇరవై త్రిభుజాలు. చూడు, నీ లిఫ్టు గీతలు అన్నీ కలిశాయి."

తండ్రి బంతి మీంచి చూపు తిప్పుకున్నాడు. టీచరమ్మ వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం ఉంటే ఆమె ఎలాగో తట్టుకునేది. కోపం కాదు. ఏదైనా ఒక మాట చెప్పండి మేడమ్, నేను నమ్ముతాను, అని అడుగుతున్నట్టుంది.

"లెక్కలేనండి," అంది టీచరమ్మ. "లెక్కల కోసమే చేయించాను."

బంతి కింద అట్టముక్కల మీద పెద్ద అక్షరాలు అంటించి ఉన్నాయి. బోర్డుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడం ఆ పిల్లకి నేర్పింది ఈ టీచరమ్మే. వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ గట్టిగా చదివింది. "పం... డ... గ... శు... భా..."

అక్కడ ఆగిపోయింది.

మిగతాది చదవలేదు. మెల్లగా వేలు దించింది. టీచర్ మొహంలోకి చూసింది. టీచరమ్మ ఎదురుచూసింది, నిజమేనా టీచర్ అని అడుగుతుందని. అడిగితే ఈసారి కాదని చెప్పేద్దామని ప్రాణమంతా నోట్లోకి వచ్చి కూర్చుంది.

పిల్ల అడగలేదు. తండ్రి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ గేటు వైపు నడిచి వెళ్ళిపోయారు. ఆయన ఆ బంతిని తెంపి తీసుకుపోలేదు, ఎవర్నీ ఒక్క మాట అనలేదు.

సెలవులయ్యాక బడి తెరిచారు. మూడో తరగతిలో ఒక బల్ల ఖాళీగా ఉంది. మర్నాడూ ఖాళీయే. వరండాలో కుర్చీ మాత్రం అక్కడే ఉంది, తీసెయ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి. ఆయా వచ్చి నీలం గీతల బంతిని టీచరమ్మ బల్ల మీద పెట్టింది. కట్టినచోట కాస్త నలిగింది. "అన్నీ పారేస్తున్నానమ్మా, ఇది మీది కదా అని తెచ్చా." టీచరమ్మ దాన్ని బీరువాలో పెట్టబోయి, ఆ పై అర చూడగానే చెయ్యాడక, మళ్ళీ బల్ల మీదే పెట్టేసింది.

పెద్ద మేడంతో అంతా చెప్పేసింది. ఇప్పుడు చెప్పింది, ఎవరికీ ఉపయోగం లేనప్పుడు. ఆవిడ నొచ్చుకున్న మాట నిజమే. "అయ్యయ్యో, అప్పుడే ఒక మాట అనకపోయావా? నేనేమైనా పులినా?" అంది. కాసేపాగి, "సరే, ఆ సీటు కోసం ఎదురుచూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఎవరికైనా ఇచ్చేద్దాం," అని వేరే పనిలో పడింది.

ఆదివారం టీచరమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. అత్తగారు వస్తానంది, వద్దంది. సైకిళ్ళ దుకాణం మీద రెండో అంతస్తు, ఇరుకు మెట్లు. తలుపు పిల్ల తల్లి తీసింది. మొహం చిట్లించుకోలేదు, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. గోడల మీద ఒక్క పటం లేదు, క్యాలెండరు కూడా లేదు. గది శుభ్రంగా, బోసిగా ఉంది. తండ్రి చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తప్పు నాదండి," అంది టీచరమ్మ. దారి పొడవునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. "పిల్లది కాదు, మీది కాదు. నేను అబద్ధం చెప్పాను. బయట కూర్చోబెట్టలేక చెప్పాను. మీ పెద్దవాళ్ళ దగ్గరికి నేనే వచ్చి చెప్తాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"చెప్పేశానండి," అన్నాడాయన. "మొన్న అందరి ముందూ నిలబడి చెప్పాను. నా కాగితాలే, నేనే ఏరి ఇచ్చానని. మాటిచ్చినవాణ్ణి నేను. మిమ్మల్ని ఏమీ అనలేదు."

"మళ్ళీ ఇలా జరగదండి. దానికి లెక్కలు... ఆ చెయ్యి చూశారా మీరు, ఆ మడతలు..."

"చూశాను," అన్నాడు. చేతులు మళ్ళీ ఒకసారి తుడుచుకున్నాడు. "బయట కూర్చుంటే ఏమయ్యేది మేడమ్? మేమంతా అలా బయట కూర్చునే పెరిగాం. నేనూ కూర్చున్నాను. నెల రోజులు కూర్చుంటే మిగతా ఏడాదంతా లోపల ఉండేది. ఇప్పుడు ఏడాదంతా పోయింది."

టీచరమ్మకి ఏడుపు ఆగలేదు. పరాయి ఇంట్లో, వాళ్ళ ముందే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తల్లి పక్కన నిలబడి మంచినీళ్ళ గ్లాసుని కాస్త ముందుకు జరిపింది.

"ఒక్కసారి చూడొచ్చా దాన్ని?" అని అడిగింది టీచరమ్మ.

తండ్రి పిలిచాడు. పిల్ల లోపలి గది గుమ్మం దాకా వచ్చి ఆగింది. పక్షం రోజుల్లోనే ఒక ముందుపన్ను సగం మొలిచింది. చేతిలో వాళ్ళ గ్రంథం, వేలు పెట్టి పట్టుకుని ఉంది. ఇక అదే దాని చదువు.

"ఏం తల్లీ, బాగున్నావా?"

తలూపింది.

"నామీద కోపమా?"

అడ్డంగా ఊపింది. నిజంగానే కోపం లేదు దానికి. ఇంకేదో ఉంది, దాన్ని తనలో తనే తిప్పుకుంటోంది.

"ఏడు ఎనిమిదులు యాభై ఆరా టీచర్?"

టీచరమ్మ ప్రాణం లేచొచ్చింది. అడిగింది! మళ్ళీ తనని అడిగింది! కన్నీళ్ళు తుడుచుకుని గబగబా ముందుకు వంగింది. "యాభై ఆరే బంగారూ. లిఫ్టు లెక్క, గుర్తుందా? యాభై ఆరు. నిజం."

పిల్ల ఆమెని చూసింది. తర్వాత తండ్రి వైపు తిరిగింది.

"నిజమేనా నాన్నా?"

తండ్రి చేతులు పిల్ల వైపు చాపాడు. టీచరమ్మ వంక చూడకుండా, వేళ్ళు ఒక్కొక్కటీ ముడుస్తూ, పిల్లకి కనిపించేలా మొదటి నుంచీ లెక్కపెట్టాడు. చివరికి "నిజమేనమ్మా," అన్నాడు.

అప్పుడు నమ్మింది. నమ్మి, పుస్తకంలో వేలు అలాగే ఉంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.